కొనుగోలుదారు జీవించి ఉన్నంతకాలం

మా బావ టైస్టో కెంపైనెన్ 1987 నవంబరులోనే చనిపోయాడన్న సంగతి మాకు 2003 మార్చి ఇరవై ఆరో తేదీ ఉదయం పదిన్నరకు తెలిసింది. ఆ సమయానికి ఆయన నా ఎదుట కూర్చుని, ఎడమచేత్తో యాలకుల రొట్టెను కాఫీలో ముంచుకుంటున్నాడు. ఉత్తరాన్ని నేనే పైకి చదివాను. "కెంపైనెన్ కుటుంబసభ్యులకు" అని సంబోధించి, ప్రగాఢ సానుభూతి తెలిపి, పదిహేనేళ్ళు ఆలస్యంగా తెలుపుతున్నందుకు మన్నించమని కోరి, హామీ అనేది కొనుగోలుదారు జీవించి ఉన్నంతకాలమే చెల్లుతుంది గనుక గాలపు కర్ర విషయంలో తాము చేయగలిగింది లేదని చెప్పి ఆ ఉత్తరం ముగిసింది. కింద జి. హాల్వర్సన్, వారంటీ విభాగం, అని సంతకం.

బావ రొట్టె నమిలి మింగాడు.

"ఏ జబ్బుతో పోయానంట?" అన్నాడు.

ఉత్తరంలో ఆ వివరం లేదని చెప్పాను.

జరిగింది జరిగినట్టు, వరుస తప్పకుండా చెప్పడం నాకు అలవాటు. సాల్మి ఉన్నత పాఠశాలలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు భౌతికశాస్త్రం బోధించాను. కొలవని కొలతను పుస్తకంలో రాసిన పిల్లలకు, అది సరైన సంఖ్యే అయినా, సున్నా వేసేవాణ్ణి. మా ఊరివాళ్ళు నన్ను దేవుణ్ణి నమ్మనివాడిగా కంటే ఆ సున్నాల మనిషిగానే ఎక్కువ గుర్తుంచుకున్నారు. కనుక క్రమంలోనే చెబుతాను.

బావ ఆ కర్రను 1964లో కొన్నాడు. ఏడున్నర అడుగుల ఫైబర్‌గ్లాస్ కర్ర, రెండు ముక్కలుగా విడివడుతుంది. కింది ముక్కకు కార్కు పిడి, రీలు ఉంటాయి. పై ముక్క సన్నగా, చివర వేలిగోరంత రింగుతో ముగుస్తుంది. ముప్ఫై తొమ్మిదేళ్ళపాటు ఒకే చెయ్యి ఒకేలా పట్టుకోవడం వల్ల ఆ కార్కు అరిగి, బొటనవేలికి ఒక గుంట, మిగిలిన వేళ్ళకు నాలుగు పల్లాలు ఏర్పడ్డాయి. ఇది అరుగుదల మాత్రమే, ఇందులో వింత లేదు. రెండేళ్ళ కిందట బావకు పక్షవాతం వచ్చింది. కాలు బాగుపడింది, మాట బాగుపడింది, కుడిచేతి వేళ్ళు మాత్రం వంగినవి వంగినట్టే ఉండిపోయాయి. ఆ చెయ్యి చెంచాను పట్టదు, కలాన్ని పట్టదు, గుండీని అసలే పట్టదు. ఆ పిడిని మాత్రం పడుతుంది. వంగిపోయిన వేళ్ళు ఆ పల్లాల్లోకి ఒక్కొక్కటే వెళ్ళి కూర్చుంటాయి, అప్పుడు ఆ చెయ్యి జబ్బు చేసిన చెయ్యిలా కనిపించదు. నా దగ్గరున్న మూడు కర్రలూ ఇచ్చి చూశాను. మూడూ జారి నేలమీద పడ్డాయి. పోయిన ఏడాది ట్రౌట్ చేపల కాలమంతా ఆ కర్రతోనే ఆయన ఏట్లో నిలబడ్డాడు. మిగిలిన ఏడు నెలలూ కిటికీ దగ్గర కూర్చుని, కుడిచేతిని దుప్పటి కింద దాచుకున్నాడు.

మార్చి తొమ్మిదో తేదీన ఆ కర్రను గోడమీంచి దించి, కిందటేడు తప్పించుకున్న చేప నీళ్ళలోంచి ఎంత ఎత్తు ఎగిరిందో మా అక్క ఆవునెకు చూపించబోయాడు. పొయ్యి వేడిని కిందికి తోయడానికి వంటింట్లో సీలింగు ఫ్యాను పెట్టుకున్నారు. చేప ఫ్యాను ఎత్తుకు ఎగిరింది. పై ముక్క నాలుగు తునకలైంది.

ట్రౌట్ వేట మొదలయ్యేది ఏప్రిల్ ఆఖరి శనివారం. మాకు నలభై ఎనిమిది రోజులున్నాయి.

ముందు నేను వేరే కర్ర పై ముక్కను దీని కింది ముక్కకు తగిలించి చూశాను. ఆ కర్ర చేసిన కంపెనీవారి అతుకు వారి కర్రలకే సరిపోయే కొలతలో ఉంది. మొదటి విసురుకే నా ముక్క ఊడి, పెరట్లో మంచుమీద దూరంగా వెళ్ళి గుచ్చుకుంది. కంపెనీవారు విడి ముక్కలు అమ్మరు. అప్పుడు అక్క బట్టల బీరువా అడుగునుంచి బిస్కెట్ల డబ్బా తీసి, అందులోంచి వారంటీ కార్డు తీసింది. పచ్చటి అట్ట, ఎర్రటి ముద్ర. కొనుగోలుదారు జీవించి ఉన్నంతకాలం, విరిగిన కారణమేదైనా, ప్రశ్నలు అడగకుండా, అని స్పష్టంగా ఉంది. ఇంత నిర్దుష్టమైన వాక్యాన్ని నేను పాఠ్యపుస్తకాల్లో కూడా అరుదుగా చూశాను. ఉత్తరం రాశాను. దానికి జవాబే పైన చెప్పిన సానుభూతి.

"ఇందులో ఏదో పొరపాటుంది," అన్నాను.

అక్క గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతున్నట్టు నేను గమనించాను.

విషయం నెమ్మదిగా బయటికి వచ్చింది. ఆ రోజుల్లో ఆ కంపెనీ నెలకో క్యాటలాగు పంపేది. బావ ప్రతి క్యాటలాగునూ మొదటినుంచి చివరిదాకా చదివి, అవసరం లేనిదొకటి తెప్పించేవాడు. క్యాటలాగులు ఆపించాలని అక్క నిశ్చయించుకుంది. ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. అడగకుండా వచ్చినదాన్ని చించి పారేయడం మావాళ్ళకు చేతకాదు, దుబారా. "వద్దు" అని తిప్పి రాయడం మొరటుతనం. అందువల్ల పోస్టాఫీసు హిల్మా మా తల్లుల కాలంలోనే అందరికీ నేర్పిన పద్ధతి ఏమిటంటే, కవరు మీద "చిరునామాదారు మరణించారు" అని రాసి తిప్పి పంపడం. ఎవరి మనసూ నొప్పించని తిరస్కారం అది. సాల్మిలో విత్తనాల కంపెనీలకు, బైబిలు సంఘాలకు, కుట్టుమిషను వాళ్ళకు ఒక్కొక్కరు ఎన్నిసార్లు చనిపోయారో లెక్క లేదు. బతికున్నవాళ్ళే చనిపోతారు గనుక ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"అడక్కుండా నన్ను చంపేశావా?" అన్నాడు బావ.

"ఆ ఏడాది నువ్వు బతికున్నట్టు నాకూ పెద్దగా అనిపించలేదులే," అంది అక్క. "పొద్దున్నే ఏటికి పోతివి, రాత్రికి సౌనా ఆవిరిలో కూర్చుంటివి. నాతో ఆడిన మాటలు పదో పన్నెండో."

"క్యాటలాగు రాకపోతే హిల్మాని తిట్టుకున్నానే నేను."

"తిట్టుకున్నావు. నేను విన్నాను."

నేను రెండో ఉత్తరం రాశాను. కొనుగోలుదారు జీవించే ఉన్నాడని, రికార్డు ఒక గృహసంబంధమైన కారణంవల్ల తప్పుగా నమోదైందని, సవరించవలసిందని కోరాను. బావ ఎడమచేత్తో వంకరగా సంతకం చేశాడు. వారంలో జవాబు వచ్చింది. హాల్వర్సన్ గారు మర్యాదగా, మూడు వాక్యాల్లో, ఒక వ్యక్తి తాను జీవించి ఉన్నానని చెప్పుకున్నంత మాత్రాన, అలా చెప్పింది ఆ వ్యక్తేనని రుజువు కాదని, సంతకం 1964 కార్డుమీది సంతకంతో సరిపోలలేదని, స్వతంత్రమైన ఆధారం కావాలని రాశారు.

ఆ ఉత్తరాన్ని రెండోసారి చదివాను. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చనిపోయినవారి నుంచి సందేశాలు వచ్చాయని చెప్పేవారితో నేను జీవితమంతా వాదించినది ఇదే.

"హాల్వర్సన్ గారి తర్కం బాగుంది బావా," అన్నాను.

"నువ్వు ఎవరి తరఫునరా?"

ఆధారాల కోసం బయలుదేరాం. జనన ధ్రువపత్రం పుట్టినట్టు మాత్రమే చెబుతుంది. డ్రైవింగు లైసెన్సు పక్షవాతం నాటికే గడువు తీరింది. క్లినిక్కు వెళ్ళి, ఈయన బతికే ఉన్నాడని రాసివ్వమని అడిగాం. డాక్టరు బావ నాడి చూసి, సందేహం లేదన్నాడు, కానీ అలాంటి ఫారం లేదన్నాడు. జబ్బుకు ఫారం ఉంది, చావుకు ఉంది, జబ్బు నయమైనందుకు కూడా ఉంది. ఊరికే బతికున్నందుకు లేదు. కౌంటీ ఆఫీసులో గుమాస్తా పుస్తకాలన్నీ తిరగేసి, ఈ పేరుతో మరణం నమోదు కాలేదని ముద్ర వేసి ఇచ్చాడు. నమోదు లేకపోవడం మరణం లేకపోవడానికి రుజువు కాదని నాకు తెలుసు, అయినా పంపాను. ఒక మనిషి తన నియమాలను ఎక్కడ సడలిస్తాడో ముందుగా చెప్పలేం.

హాల్వర్సన్ గారి జవాబు: "మరణాన్ని కౌంటీలో నమోదు చేయించలేదని మీరు పంపిన పత్రం ద్వారా తెలిసింది. చట్టప్రకారం నమోదు తప్పనిసరి గనుక ఆ పని త్వరగా చేయించుకోగలరని మా సూచన."

తర్వాత అక్క సలహామీద, ఆనాటి వార్తాపత్రిక చేతికిచ్చి, బావను వరండాలో కూర్చోబెట్టి ఫొటో తీశాం. ఫొటోలో ఆయన, ఎవరో ఎత్తుకుపోయి డబ్బుకోసం దాచిపెట్టినవాడిలా వచ్చాడు. ఆ ఫొటో ఆ పత్రిక ఆ తేదీన ఉన్నదనడానికి మంచి ఆధారమని, దాన్ని ఒక పెద్దమనిషి పట్టుకున్నాడనడానికి కూడా ఆధారమేనని కంపెనీవారు అంగీకరించారు. ఆయన ఎవరన్నదే ప్రశ్న అన్నారు. ఆ ఉత్తరంతోపాటు కుటుంబానికి సంస్థ తరఫున ఒక నల్లటోపీ పంపారు. అది బావకు సరిగ్గా సరిపోయింది.

ఏప్రిల్ పద్నాలుగున ఫోను చేశాం. చాలాసేపు సంగీతం వినిపించాక హాల్వర్సన్ గారే పలికారు. చనిపోయినవారి ఖాతా గురించి దగ్గరి బంధువులతో తప్ప మాట్లాడకూడదన్నారు. బావ నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"నేనేనమ్మా," అన్నాడు.

"మీరు ఆయనకు ఏమవుతారు?"

బావ కాసేపు ఆలోచించాడు.

"దగ్గరివాణ్ణే," అన్నాడు.

అక్క ఫోను తీసుకుని తాను భార్యనని చెప్పింది. ఆ క్షణం నుంచి అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ఆవిడ అక్కతో పావుగంట మాట్లాడింది, ఒంటరితనం ఎలా ఉందని అడిగింది. పర్వాలేదు, అప్పుడప్పుడూ అడ్డొస్తుంటాడు, అంది అక్క. చివరికి ఒక దారి దొరికింది. కొనుగోలుదారు నిజంగా జీవించి ఉన్నట్టయితే, కర్రతో సహా స్వయంగా సర్వీసు ఆఫీసులో హాజరు కావచ్చు. ఆఫీసు పక్క రాష్ట్రంలో, కారులో ఏడు గంటల దారి.

ఏప్రిల్ ఇరవై నాలుగు, గురువారం, తెల్లవారుజామున బయలుదేరాం. వేట ఎల్లుండి. నేను నడిపాను, అక్క మాంసం కూరిన పాస్టీ రొట్టెలు గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది, బావ కర్ర కింది ముక్కను కుడిచేత్తో పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. రోడ్డుపక్క చెట్లనీడల్లో ఇంకా మంచు ఉంది. రెండు గంటల దూరం వచ్చాం. అప్పుడు బావ, ఎవరినీ ఉద్దేశించకుండా, ఈ శనివారం గనక వెళ్ళకపోతే ఇంక ఈ చేతికి వెళ్ళడం గుర్తుండదేమో అన్నాడు. కండరాల స్మృతి గురించి నాకు తెలిసినది చెప్పబోయి, అద్దంలో ఆయన ముఖం చూసి మానుకున్నాను.

జి. హాల్వర్సన్ అంటే గ్రెచెన్ హాల్వర్సన్. యాభై అయిదేళ్ళుంటాయి, మెడలో దారంతో వేలాడే కళ్ళద్దాలు, బల్లమీద వస్తువులన్నీ అంచులు కలిసేలా సర్ది ఉన్నాయి. కౌంటరు వెనక ఒక చిన్న కరెంటు రంపం, దానిపక్కన నరికిన గాలపు కర్రల మోపు. ఆవిడ మమ్మల్ని చూసి లేచి నిలబడింది.

"మీరే కదండీ కెంపైనెన్ గారు," అంది. "ఆ టోపీ మాదే."

అంతే. నెల రోజుల ఉత్తరాలు, డాక్టరు, కౌంటీ ముద్ర, వార్తాపత్రిక, అన్నీ ఒక టోపీ ముందు వ్యర్థమైపోయాయి. ఇది ఆధారంగా ఎలా చెల్లుతుందని నేను అడగబోతే అక్క నా కాలు తొక్కింది. హాల్వర్సన్ గారు కంప్యూటరు ముందు కూర్చుని, రికార్డు తెరిచి, "మరణించారు" అన్నచోట "జీవించి ఉన్నారు" అని టైపు చేసి, ఇక ఒక్క మీట నొక్కితే చాలన్నారు. ముందుగా కొత్త కర్ర తెచ్చి కౌంటరు మీద పెట్టారు. నల్లటి కార్బన్ కర్ర, ఈకలా తేలిక.

నాకు పై ముక్క చాలన్నాడు బావ. ముక్కలు ఇవ్వరట. బతికున్న కొనుగోలుదారుకు హామీప్రకారం పూర్తి కొత్త కర్రే ఇస్తారు. పాతదాన్ని ఆయన కళ్ళముందే పిడి దగ్గర కోసేసి రికార్డు మూసేస్తారు. రెండు కర్రలకు ఒకే హామీ ఉండకూడదు గనుక ఇది అవసరం. నియమం సహేతుకంగానే ఉంది.

బావ కొత్త కర్ర పిడిమీద కుడిచెయ్యి పెట్టాడు. వేళ్ళు దాని గుండ్రటి నునుపుమీద నిలవడానికి ప్రయత్నించాయి. కర్ర మెల్లగా తిరిగి, కౌంటరు మీద దొర్లి, ఆవిడవైపు వెళ్ళిపోయింది. ఆవిడ దాన్ని తిరిగి ఆయనవైపు జరిపింది. రెండోసారి కూడా దొర్లింది. మూడోసారి ఆయన చెయ్యి పెట్టలేదు, కింది ముక్కను గుండెకు ఆనించుకున్నాడు.

ఆవిడ ఆ చేతిని చూసింది, అరిగిన కార్కును చూసింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"చనిపోయినవాళ్ళవైతే కొయ్యమండీ," అంది నెమ్మదిగా. "వాళ్ళ కర్రకి స్మారక మరమ్మతు ఉంటుంది. వెనకగదిలో పాత ముక్కలున్నాయి. అతికి, మెరుగుపెట్టి, గోడకి తగిలించుకోడానికి ఇంటివాళ్ళకిస్తాం. ఉచితంగానే."

అక్క చేతిసంచీ తెరిచి కళ్ళద్దాలు తీసింది.

"అయితే ఈయన పోయాడు," అంది మా అక్క.

"ఎప్పుడండీ?"

"ఎనభై ఏడులో. మీ ఫైల్లో ఉందిగా."

"ఇంకా మీట నొక్కలేదు కాబట్టి ఉంది," అంది హాల్వర్సన్ గారు.

"మరి నేను ఇక్కడ నిలబడి ఉన్నానే," అన్నాడు బావ. భయంతో కాదు, ఆవిడకు ఇబ్బంది కలుగుతుందేమోనని.

"నేను చూసింది ఫైలుకెక్కదండీ. ఫైలుకి కాగితం కావాలి."

నా ఉత్తరాలకు ఆవిడ ఇచ్చిన జవాబులన్నింటిలోనూ ఉన్న సూత్రమే అది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇప్పుడూ తప్పడం లేదు.

ఆవిడ ఫారం తీసింది. భార్య సంతకం చేయాలి, మరణం గురించి తెలిసిన మరొక బంధువు సాక్షిగా సంతకం చేయాలి. అక్క కళ్ళద్దాలు పెట్టుకుని నింపడం మొదలుపెట్టింది. చనిపోయినవారి పూర్తిపేరు రాస్తుంటే బావ ఆమె భుజం మీదుగా వంగి, ఇంకో 'ఎన్' ఉండాలని సరిదిద్దాడు. మరణకారణం అన్న చోట అక్క కాసేపు ఆగింది. క్యాటలాగు అని రాయనా అని అడిగింది. ఖాళీగా వదిలేయొచ్చని హాల్వర్సన్ గారు చెప్పారు.

తర్వాత ఆ కాగితం నా ముందుకు వచ్చింది.

నేను దాన్ని నాలుగుసార్లు చదివాను. "పై వ్యక్తి మరణించినట్టు నాకు తెలియవచ్చిందని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను." ఆ పై వ్యక్తి నా మోచేతి పక్కన ఊపిరి తీసుకుంటున్నాడు. ఉదయం తిన్న పాస్టీలోని ఉల్లిపాయ వాసన కూడా వస్తోంది. నేను కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టనన్నవాణ్ణి. మా నాన్న అంత్యక్రియల్లో, నమ్మని ప్రార్థనకు పెదవి కదపనన్నవాణ్ణి. దానికి మా అమ్మ రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. థర్మామీటరు చూడకుండా ఉష్ణోగ్రత రాసినందుకు మెథడిస్టు పాస్టరు కొడుకును పరీక్షలో తప్పించి ఒక ఏడాది వెనకబెట్టినవాణ్ణి. కలం మూత తీయలేదు.

"ఒన్నీ," అని నన్ను పేరు పెట్టి పిలిచింది అక్క. "చిన్నప్పట్నించీ నీ నిజాలు మోస్తూనే ఉన్నాం. ఒక్క పూట దించు."

"ఇది అబద్ధమక్కా. మామూలుది కాదు. పరీక్షించి చూడదగ్గ అబద్ధం."

"పోనీలేరా," అన్నాడు బావ. "నువ్వు సంతకం పెట్టకు. వాణ్ణి వదిలెయ్యవే. ఈ వయసులో ఈ చెయ్యి లేకపోతే మాత్రం ఏమైంది." అని కింది ముక్కను కౌంటరు మీద, రంపం పక్కన పెట్టబోయాడు. పెట్టలేకపోయాడు. వేళ్ళు ఆ పల్లాల్లో ఉన్నాయి, వాటిని తీయాలంటే ఎడమచేత్తో ఒక్కొక్కటిగా విప్పాలి. ఆయన చిటికెనవేలితో మొదలుపెట్టాడు.

నేను ఫారంలో మిగిలిన గడులు చూశాను. నా సంతకం పక్కన ఇంకొక గడి ఉంది: "మరణవార్త మీకు ఏ ఆధారం ద్వారా తెలిసింది?"

కలం తీసి, "ఈ సంస్థ వారంటీ విభాగం మార్చి 2003లో రాసిన ఉత్తరం ద్వారా" అని రాసి సంతకం చేశాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నాకు ఆ వార్త నిజంగా అలాగే తెలియవచ్చింది. నిజాన్ని అంత నీచమైన పనికి నేను అంతకుముందు వాడుకోలేదు, ఆ సంతకం తిన్నగా కుదిరినందుకు ఇప్పటికీ కొంత సిగ్గుపడుతుంటాను. హాల్వర్సన్ గారు ఆ గడి చదివి, నావైపు చూసి, ఏదో గుర్తుపట్టినట్టు తల ఊపారు. ఇన్నాళ్ళూ ఉత్తరాలు రాసింది ఎవరో ఆవిడకు అప్పుడు అర్థమైందనుకుంటాను.

ఆఖరికి ఒక షరతు చదివి వినిపించారు. స్మారక మరమ్మతు చేసిన కర్రను వారసులు గానీ, వారి అనుమతితో జీవించి ఉన్న మరే ఇతర వ్యక్తి గానీ చేపలు పట్టడానికి వాడరాదు.

చదివి, బావవైపు తిరిగారు.

"ఇది మీకు వర్తించదండీ," అన్నారు.

మరమ్మతుకు నలభై నిమిషాలు పట్టింది. వెనకగదిలోంచి వచ్చిన పై ముక్క ఆ అతుకులో చిన్న శబ్దంతో కూర్చుంది. అతుకు పైన ఒక ఇత్తడిరేకు బిగించారు. పేరు, కింద 1926–1987. ఇత్తడివల్ల కర్ర తూకం కొంచెం ముందుకు మారిందని బావ ఫిర్యాదు చేశాడు. హాల్వర్సన్ గారు మమ్మల్ని కారుదాకా సాగనంపి, అక్క చేతులు రెండూ పట్టుకుని, ఆయన్ని బాగా చూసుకోమని చెప్పారు.

శనివారం ఉదయం సాల్మి ఏరు చలిగా, మట్టిరంగులో, ఒడ్డును ఒరుసుకుంటూ పారుతోంది. కరిగిన మంచు అంతా అందులోనే ఉంది. ఇలాంటి నీటిలో చేపకు ఎర కనిపించదని నేను చెప్పాను, ఎవరూ వినలేదు. బావ మోకాళ్ళలోతు దిగాడు. అక్క ఒడ్డున దుంగమీద కూర్చుని ఊలు అల్లుతోంది. ఆయన పడిపోతే పట్టుకోవడానికి నేను నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను.

ఆయన కుడిచేతిని పైకెత్తి కర్రను వెనక్కి తీసుకున్నాడు. విసిరాడు. దారం తిన్నగా వెళ్ళి అవతలి ఒడ్డున వంగిన కొమ్మకింద పడింది. మళ్ళీ విసిరాడు. నేను లెక్కపెట్టాను, అది నా అలవాటు. ఇరవై ఆరు విసుర్లలో ఒక్కసారి కూడా పిడి జారలేదు. ఆయన ముఖంలో సంతోషంలాంటిది ఏమీ కనిపించలేదు. పనిలో ఉన్న మనిషి ముఖం, అంతే. నెలల తరబడి దుప్పటి కింద ఉన్న చెయ్యి చలికి ఎర్రబడి, అందరి కళ్ళెదుటా ఉంది.

ఇరవై ఏడో విసురుకు దారం బిగిసింది.

చిన్న ట్రౌట్. తడిచేత్తో పట్టుకుని, నన్ను జేబులోంచి కొలబద్ద తీయమన్నాడు. తీశాను. నిబంధన ప్రకారం కనీసం ఎనిమిది అంగుళాలుండాలి. చేప ఏడుంబావు. నేను మళ్ళీ కొలిచాను, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కూడా కొలిచాను, ఏడుంబావే.

"ఇంటికి తీసుకొచ్చెయ్యి," అంది అక్క ఒడ్డునుంచి. "చచ్చినవాడికి కొలతలేంటి?"

బావ నావైపు చూశాడు. నేను కొలబద్దను చేప పక్కనే పట్టుకున్నాను.

"ఉన్నది ఏడుంబావేనే," అని, చేపను నీటిలో దించి, అది ఊపిరి పుంజుకునేదాకా ఎడమచేతిని దానికింద ఉంచాడు. అది ఒక్క తోకవిసురుతో మట్టినీళ్ళలో కలిసిపోయింది. ఆయన లేచి నిలబడి, చూసి, ఈసారి కొమ్మకు కొంచెం ఎగువన విసిరాడు.